బెవరిడ్జ్: ఫిలిప్పీన్స్ ఎప్పటికీ మనదే అన్న సెనేటరూ, అమెరికా చీఫ్ జస్టిస్ మార్షల్ చరిత్ర రాసి పులిట్జర్ బహుమతి కొట్టినాయనా ఒక్కడేనా?

గోదారోడు:
అందరికీ నమస్కారం. ఈ మధ్య లింకన్ మీద పాత పుస్తకాలు ఒక్కొక్కటే తిరగేస్తున్నా. ఆల్బర్ట్ జె. బెవరిడ్జ్ అనే ఆయన రాసిన రెండు వాల్యూములు దొరికాయి, 1928లో వచ్చినవి. బానే రాశాడు గానీ 1858 దగ్గర ఆగిపోతుంది, అంటే సెనేట్ సీటుకి పోటీపడ్డ డగ్లస్‌తో డిబేట్ల దగ్గరే కథ ఖతం, లింకన్ ఇంకా ప్రెసిడెంటే అవ్వలేదు. ఇదేంట్రా అని చూస్తే రచయిత 1927 ఏప్రిల్‌లో పోయాడట. సరే ఈయనెవరా అని వెతికితే ఇండియానా నుంచి రెండు టర్ములు సెనేటర్, 1899 నుంచి 1911 దాకా. ఇంకాస్త లోపలికి వెళ్తే 1900లో సెనేట్‌లో నిలబడి, స్పెయిన్ నుంచి అమెరికా చేతికొచ్చిన ఫిలిప్పీన్స్ ఎప్పటికీ మనదే, దాని అవతలే చైనా మార్కెట్ ఉంది, రెండూ వదిలేది లేదు అని దంచినాయన ఈయనే. మళ్ళీ 1906లో మాంసం తనిఖీ చట్టం వెనకాల ఉన్నదీ ఈయనే, 1907లో చిన్నపిల్లల చేత ఫ్యాక్టరీల్లో పని చేయించకూడదని బిల్లు తెచ్చిందీ ఈయనే. నాకైతే బుర్ర తిరిగింది. ఈయన్ని ఏ గాటన కట్టాలో తెలిసినవాళ్ళు చెప్పండి.

బెజవాడ_బుల్లోడు:
మాజీ సెనేటర్ అంత లావు పుస్తకాలు సొంతంగా రాశాడంటే నమ్మమంటారా. ఎవడో రీసెర్చ్ కుర్రాడికి నాలుగు డాలర్లిచ్చి రాయించుకుని పైన తన పేరేసుకుని ఉంటాడు. మన దగ్గర నాయకుల ఆత్మకథలు ఎలా వస్తున్నాయో చూడట్లేదా

చరిత్ర_మాష్టారు:
బుల్లోడు గారూ, ఇంకెవరి విషయంలో అన్నా ఒప్పుకుందును గానీ ఈయన విషయంలో ఆ మాట చెల్లదు. రిటైరయ్యే ముందు కొన్నేళ్ళు అమెరికా చరిత్ర పేపర్ చెప్పాను, అప్పటి నుంచీ ఈ మనిషి మీద నాకొక కన్ను.

1862 అక్టోబర్‌లో ఒహాయోలో ఒక రైతు ఇంట్లో పుట్టాడు. తండ్రి సివిల్ వార్‌లో (అమెరికా అంతర్యుద్ధం) ఉత్తరాది యూనియన్ వైపు పోరాడాడు, యుద్ధం అయ్యాక కుటుంబం ఇల్లినాయి వలస పోయింది, అక్కడ ఏమీ కలిసిరాలేదు. పన్నెండేళ్ళకి నాగలి పట్టాడు, ఆ తర్వాత రైలు కట్ట మీద కూలి పని, అడవుల్లో కలప లాగే పని. ఎవరో స్నేహితుడి దగ్గర యాభై డాలర్లు అప్పు తీసుకుని ఇండియానాలో గ్రీన్‌కాజిల్ అనే ఊళ్ళో ఆస్‌బరీ కాలేజీలో చేరాడు (ఇప్పుడది డిపా యూనివర్సిటీ). సెలవుల్లో ఇంటింటికీ తిరిగి పుస్తకాలు అమ్మేవాడు. వక్తృత్వ పోటీ ఎక్కడ పెట్టినా ప్రైజు ఈయనదే. 1885లో డిగ్రీ, 1887లో ఇండియానాపొలిస్‌లో లాయరు. 1899లో సెనేటర్ అయ్యేనాటికి ముప్ఫై ఆరేళ్ళు, అంతకుముందు వార్డు మెంబరుగా కూడా గెలిచిన మనిషి కాదు. నోరే పెట్టుబడి.

ఇక రాత సంగతి. మార్షల్ పుస్తకం నాలుగు వాల్యూములు, మొదటి రెండూ 1916లో, మిగతా రెండూ 1919లో, పులిట్జర్ 1920లో. ఒక్కో చాప్టర్ డ్రాఫ్ట్ అవ్వగానే చార్లెస్ బియర్డ్, ఎడ్వర్డ్ కార్విన్ లాంటి పేరున్న ప్రొఫెసర్లకి పంపేవాడు, మొహమాటం లేకుండా తప్పులు పట్టండి అని. డాక్టరేట్ లేని మనిషి, పైగా రాజకీయాల్లో వెలిగినవాడు, అలా కాగితాలు పట్టుకుని ప్రొఫెసర్ల వెంట పడటం అంటే మాటలు కాదు. మన దగ్గర యం.ఫిల్ కుర్రాడు కూడా గైడ్ తప్పు చెప్తే ముఖం మాడ్చుకుంటాడు.

పాలమూరు_పోరగాడు:
అంతా మంచిగనే ఉంది మాష్టారూ, గానీ గా 1900 స్పీచ్ ముచ్చట ఎవ్వరు లోపలికి పోయి మాట్లాడ్తలేరేంది. నేను మొత్తం చదివిన. ఫిలిప్పీన్స్ల వాగు ఒడ్డుకు దొరికిన బంగారం ముక్క నా దగ్గర ఉన్నది అని సెనేట్ల చెప్తడు. ఆడ ఏం పండుతది, ఏం గనులున్నయి, ఎంత కలప ఉన్నది, ఒక్కొక్కటి లెక్క చెప్పుకుంట పోతడు, అచ్చం వెంచర్ల ప్లాట్లు అమ్మెటోని లెక్క. ఇగ జనాల దగ్గరికొచ్చే వరకు వాళ్ళకు తమను తాము పాలించుకునుడు రాదు, ఆ జాతికే అది లేదు అంటడు. అప్పటికి ఆడ అమెరికాతోటి యుద్ధం నడుస్తున్నది, 1899 ఫిబ్రవరిల షురువైంది, జనం సస్తున్నరు. ఈయన 1899ల స్వయంగ పోయి తిరిగి చూసొచ్చి మరీ గీ మాటలు మాట్లాడిండు. తెల్వక మాట్లాడిండు అనుకోనీకి లేదు.

ఇంక 1898ల ఇండియానాపొలిస్ల మాట్లాడింది ఇంకా ఘోరం. అమెరికా మూలవాసి ఇండియన్ తెగలను వాళ్ళను అడిగి పాలిస్తున్నమా, మన పిల్లలను అడిగి పాలిస్తున్నమా, మరి వీళ్ళను అడుగుడేంది అన్నట్టు వాదన. గసొంటి మనిషిని పిల్లల హక్కుల కోసం కొట్లాడిండు అని మెచ్చుకోవాల్నా?

చరిత్ర_మాష్టారు:
మెచ్చుకోమని నేననలేదు నాయనా. ఆ రోజు సెనేట్‌లోనే జవాబు పడింది. మసాచుసెట్స్ సెనేటర్ జార్జ్ ఫ్రిస్బీ హోర్, ఈయన పార్టీ వాడే, అప్పటికి డెబ్భై దాటినవాడు, లేచి కుర్రాడి వాగ్ధాటిని మెచ్చుకుంటూనే, ఇంతసేపు విన్నాను గానీ న్యాయం, ధర్మం, స్వేచ్ఛ అనే మాటలు ఎక్కడా వినపడలేదే అన్నాడు. కుర్చీలో కూర్చోబెట్టేశాడు ఒక్క దెబ్బతో. గ్యాలరీలో చప్పట్లు బెవరిడ్జ్‌కి పడ్డాయి, చరిత్రలో మాట హోర్‌ది నిలిచింది.

ఇంకో సంగతి, కొత్త సెనేటర్ కొన్నాళ్ళు నోరు మూసుకుని కూర్చోవాలనేది అక్కడి ఆనవాయితీ. ఈయన వచ్చీ రాగానే అంత పెద్ద ఉపన్యాసం ఇచ్చేసరికి పాతవాళ్ళకి ఒళ్ళు మండింది. పత్రికల్లో జోకులు కూడా వేశారు, ఆ స్పీచ్‌కి డాన్స్ చేయొచ్చు అని.

హూసియర్_తెలుగు:
నేనుండేది ఇండియానాపొలిస్ పక్కనే, కార్మెల్‌లో. ఇక్కడ క్రౌన్ హిల్ అని పెద్ద శ్మశానం ఉంది, ఊరి నుంచి ఎవరన్నా వస్తే చూపించడానికి తీసుకెళ్తుంటాం, ప్రెసిడెంట్ బెంజమిన్ హారిసన్ సమాధి అక్కడే, బ్యాంకు దొంగ డిలింజర్ సమాధీ అక్కడే, జనం ముందు దొంగ దగ్గరికే వెళ్తారు. బెవరిడ్జ్ కూడా అందులోనే ఉన్నాడు. ఈయనకి పడని ఛార్లెస్ ఫెయిర్‌బ్యాంక్స్ కూడా అందులోనే. ఆయన ఇండియానా రెండో సెనేటర్, తర్వాత వైస్ ప్రెసిడెంట్ అయ్యాడు, ఒకే రాష్ట్రం ఒకే పార్టీ, ఇద్దరికీ క్షణం పడేది కాదు.

లోకల్ రాజకీయం తెలియకపోతే ఈయన కథ అర్థం కాదు కాబట్టి చెప్తున్నా. అప్పట్లో సెనేటర్‌ని జనం ఎన్నుకోరు, రాష్ట్ర శాసనసభ ఎన్నుకుంటుంది, 1913లో పదిహేడో సవరణ వచ్చాకే ఓటర్లకి ఇచ్చారు. 1909లో పేన్-ఆల్డ్రిచ్ టారిఫ్ (దిగుమతి సుంకాల) బిల్లు వచ్చినప్పుడు సొంత పార్టీ మీద తిరగబడి చివరి ఓటింగులో వ్యతిరేకంగా వేసిన ఏడుగురు రిపబ్లికన్లలో ఈయనొకడు. దాంతో పార్టీలో పెద్దలు పక్కకి తప్పుకున్నారు. 1910లో ఇండియానా శాసనసభ డెమొక్రాట్ల చేతికెళ్ళింది, వాళ్ళు జాన్ కెర్న్‌ని పంపారు, ఈయన ఇంటికి.

ఆ తర్వాత వరసగా దెబ్బలే. 1912లో థియొడోర్ రూజ్వెల్ట్ ప్రోగ్రెసివ్ పార్టీ పెడితే షికాగో మహాసభలో తొలి ఉపన్యాసం ఈయనదే, అదే ఏడాది ఇండియానా గవర్నర్‌గా నిలబడి శామ్యూల్ రాల్‌స్టన్ చేతిలో ఓడిపోయాడు. 1914లో సెనేట్‌కి నిలబడితే మూడో స్థానం. మళ్ళీ రిపబ్లికన్ పార్టీలోకి వచ్చి 1922లో ప్రైమరీలో (పార్టీ లోపలి పోటీ) సిట్టింగ్ సెనేటర్ హ్యారీ న్యూని ఓడగొట్టి టికెట్ తెచ్చుకున్నాడు, హమ్మయ్య అనుకునేలోపు జనరల్‌లో ఓడిపోయాడు, ఎవరి చేతిలో అనుకున్నారు? మళ్ళీ అదే రాల్‌స్టన్!

బెజవాడ_బుల్లోడు:
హహ రాల్‌స్టన్ ఈయన జాతకంలో శని అన్నమాట

గోదారోడు:
హూసియర్ గారూ సూపర్ ఇన్ఫో. అంటే ఓడిపోయాక ఖాళీగా ఉండి పుస్తకాలు రాశాడు అనుకోవచ్చా?

సత్య_కె:
ఖాళీగా ఉండి అంటే కొంచెం అన్యాయం. సెనేటర్‌గా ఉన్నప్పుడే రాస్తూనే ఉన్నాడు, 1901లో రష్యా, మంచూరియా అంతా తిరిగొచ్చి 1903లో ఒక పుస్తకం వేశాడు. యూరప్‌లో యుద్ధం మొదలయ్యాక అక్కడికెళ్ళి నాయకులతో మాట్లాడి 1915లో ఇంకోటి వేశాడు, దానికి మాత్రం జర్మనీ పక్షం అని బాగా తిట్లు తిన్నాడు. కానీ అవి జర్నలిజం. మార్షల్ మాత్రం వేరే స్థాయి, ఎందుకంటే మార్షల్ తన కాగితాలు పెద్దగా దాచుకోలేదు, ఉన్నవి అక్కడా ఇక్కడా చెల్లాచెదురుగా పడున్నాయి, అవన్నీ వెతికి పోగేయాల్సి వచ్చింది.

ఒక తమాషా చెప్పనా. కాలేజీలో ఈయన రూమ్మేట్ ఎవరో తెలుసా, డేవిడ్ గ్రాహం ఫిలిప్స్. 1906లో కాస్మోపాలిటన్ పత్రికలో సెనేట్ అంతా పెద్ద కంపెనీలకి అమ్ముడుపోయిందని సీరియల్‌గా ఏకిపారేసిన రిపోర్టర్. సెనేటర్లని జనమే ఎన్నుకోవాలన్న ఊపు రావడానికి ఆ వ్యాసాలు బాగా పనిచేశాయి. ఒక రూమ్మేట్ లోపల సెనేటర్, ఇంకో రూమ్మేట్ బయట నిలబడి రాళ్ళేస్తున్నాడు, స్నేహం మాత్రం చెడలేదు. 1911 జనవరిలో న్యూయార్క్‌లో ఎవడో ఫిలిప్స్‌ని కాల్చి చంపేశాడు, అప్పటికి ఈయన సెనేట్ పదవి ఇంకో రెండు నెలల్లో అయిపోతోంది. ఆ శీతాకాలం ఈయనకి ఎలా గడిచిందో ఊహించుకోండి.

రొయ్యల_రాజు:
నేను చరిత్ర మనిషిని కాదు, భీమవరం దగ్గర ఎక్స్‌పోర్ట్ ప్లాంట్‌లో క్వాలిటీ చూస్తా. మాంసం చట్టం అనగానే ఆగి చదివా. మా దగ్గర డబ్బా మీద, కార్టన్ మీద డేట్, బ్యాచ్ కోడ్ లేకుండా ఒక్క కేజీ రొయ్య గేటు దాటదు, ఆడిట్‌కి వచ్చినోడు ముందు చూసేది అదే, పాత స్టాక్ ఎక్కడో మూల ఉంటే దాని లేబుల్ చూసి మమ్మల్ని గంటసేపు నిలబెడతాడు. మరి 1906 చట్టంలో డేట్ సంగతి ఉందా? ఎవరన్నా చెప్పగలరా

సత్య_కె:
రాజు గారూ కరెక్ట్ పాయింట్ పట్టుకున్నారు. బెవరిడ్జ్ అడిగిన రెండు ముఖ్యమైన వాటిలో ఒకటి అదే, క్యాన్ మీద తనిఖీ చేసిన తేదీ వేయాలి అన్నాడు. రెండోది, తనిఖీ ఖర్చు ప్యాకింగ్ కంపెనీలే పెట్టుకోవాలి, పశువుకి ఇంత అని ఫీజు.

జరిగిందేంటంటే, అప్టన్ సింక్లేర్ షికాగో కబేళాల మీద రాసిన నవల 1906 మొదట్లో పుస్తకంగా వచ్చి దేశమంతా గగ్గోలు పుట్టింది, రూజ్వెల్ట్ ఇద్దరు మనుషుల్ని పంపి రిపోర్ట్ తెప్పించుకున్నాడు. బెవరిడ్జ్ దాన్ని విడిగా బిల్లుగా లాగకుండా వ్యవసాయ శాఖ బడ్జెట్ బిల్లుకి సవరణగా తగిలించాడు, మే నెలలో సెనేట్‌లో చర్చ కూడా లేకుండా పాసైపోయింది. రిపోర్ట్ బయటపెడతామన్న బెదిరింపు తల మీద ఉంటే ఎవడు అడ్డుపడతాడు. కానీ దిగువ సభ హౌస్‌లో వ్యవసాయ కమిటీ ఛైర్మన్ జేమ్స్ వాడ్స్‌వర్త్ కంపెనీల వైపు గట్టిగా నిలబడ్డాడు. చివరికి తేదీ ఎగిరిపోయింది, ఫీజు ఎగిరిపోయింది, ఖర్చు కోసం ప్రభుత్వమే ఏడాదికి 30 లక్షల డాలర్లు పెట్టేలా రాజీ. రూజ్వెల్ట్ సరే అన్నాడు, బెవరిడ్జ్ పళ్ళు కొరుక్కుని ఒప్పుకున్నాడు. జూన్ 30న సంతకం. అదే రోజు ఆహారం, మందుల కల్తీ చట్టం మీద కూడా సంతకం పడింది, మీ రొయ్యలు చూసే ఎఫ్‌డీఏ (అమెరికా ఆహారం, మందుల నియంత్రణ సంస్థ) వంశం ఆ రెండో చట్టం నుంచి మొదలవుతుంది, మాంసం వాళ్ళది వేరే శాఖ.

రొయ్యల_రాజు:
ఓహో. తేదీ వద్దన్నారంటే పాత సరుకు ఎంత పేరుకుపోయి ఉందో అర్థమైంది మేడమ్ :) ఫీజు పాయింట్ మాత్రం అప్పటికీ ఇప్పటికీ ఒకటే గొడవ, తనిఖీ చేసేవాడి జీతం ఎవడిస్తాడు అన్నదే అసలు లిటిగేషన్. కంపెనీ ఇస్తే కంపెనీ మనిషి అంటారు, సర్కారు ఇస్తే ఏటా బడ్జెట్ కోసం దేబిరించాలి

లాయర్_సుబ్బు:
ఇప్పుడే చూశాను థ్రెడ్. ఆలస్యంగా వచ్చినా అసలు సరుకు నా దగ్గర ఉంది.

బాలకార్మికుల బిల్లు చూడండి. 1906 డిసెంబర్‌లో పెట్టాడు, 1907 జనవరిలో మూడు రోజులు మాట్లాడాడు. గనుల్లో, నూలు మిల్లుల్లో, గాజు ఫ్యాక్టరీల్లో పిల్లల చేత ఎలా పని చేయిస్తున్నారో ప్రమాణపత్రాలు, అఫిడవిట్లు గుట్టగా తెచ్చి ఒక్కొక్కటే చదివాడు. ఎదురు ప్రశ్న ఒక్కటే: ఫ్యాక్టరీలో ఎవరు పనిచేయాలన్నది రాష్ట్రాల సబ్జెక్ట్, కేంద్రానికి ఏ అధికారం ఉంది? ఈయన జవాబు, రాష్ట్రాల మధ్య వాణిజ్యం కేంద్రం చేతిలో ఉంది కదా, పిల్లలు చేసిన సరుకు రాష్ట్రం దాటకుండా ఆపే అధికారం అందులోనే ఉంది. ఈ వాదనకి పునాది ఎవరేశారు? చీఫ్ జస్టిస్ జాన్ మార్షల్, 1824 గిబ్బన్స్ వర్సెస్ ఆగ్డెన్ కేసులో! వాణిజ్యం మీద కేంద్రం అధికారాన్ని అంత విశాలంగా చెప్పిన మొదటి తీర్పు అది. అంటే సెనేటర్‌గా నెత్తిన పెట్టుకున్న జడ్జి జీవితాన్నే తర్వాత కూర్చుని నాలుగు వాల్యూములు రాశాడు. పదవి పోయాక దొరికిన హాబీ కాదది, పాత వాదనకే కొనసాగింపు.

1907లో బిల్లు పాసవ్వలేదు, రూజ్వెల్ట్ కూడా వెనకాల నిలబడలేదు. 1916లో వేరేవాళ్ళు దాదాపు అదే పద్ధతిలో చట్టం చేశారు, 1918లో సుప్రీంకోర్టు 5-4తో కొట్టేసింది. 1941లో గానీ ఆ తీర్పు పక్కకి పోలేదు, అప్పటికి ఈయన పోయి పద్నాలుగేళ్ళు.

మన రాజ్యాంగం రాసినవాళ్ళు ఈ తంటా లేకుండా 24వ అధికరణంలోనే పద్నాలుగేళ్ళలోపు పిల్లల్ని ఫ్యాక్టరీల్లో, గనుల్లో పెట్టకూడదని రాసేశారు, ప్రాథమిక హక్కులకి అడ్డొచ్చే చట్టాలు చెల్లవని కోర్టు చెప్పడానికి 13వ అధికరణం పెట్టారు. మార్షల్ మాత్రం 1803లో మార్బరీ కేసులో ఆ అధికారాన్ని తనంతట తనే లాగి తెచ్చుకున్నాడు, రాజ్యాంగంలో సూటిగా ఎక్కడా లేదు. బెవరిడ్జ్ ఆ ఘట్టం రాసిన తీరు చూడాలి, కోర్టు డ్రామా అంటే అదీ.

గోదారోడు:
సుబ్బు గారూ, అమెరికా కోర్టుల దగ్గర నుంచి మన సుప్రీంకోర్టుకి వచ్చిన ఐడియాల్లో గోలక్‌నాథ్ కేసులో మా కోకా సుబ్బారావు గారు వాడింది కూడా ఒకటి కదా, తీర్పు ఇకమీదటికే వర్తిస్తుంది అని. రాజమండ్రి వాళ్ళం, ఆ మాట వస్తే ఊరుకోలేం :)

లాయర్_సుబ్బు:
అవునండీ, 1967. కానీ దాని మీద మొదలుపెడితే బెవరిడ్జ్ గాలికి పోతాడు, వేరే థ్రెడ్ తీయండి, వచ్చి కొట్టుకుందాం.

పాలమూరు_పోరగాడు:
సుబ్బన్నా, నువ్వు చెప్పింది ఇంకా నా మాటనే బలపరుస్తున్నది. కేంద్రం చేతిల అధికారం ఎంతుంటే అంత మంచిది, రాజ్యాంగం అడ్డమొస్తే విశాలంగ చదువుకోవాలె, గదే కదా ఆయన సూత్రం? ఫిలిప్పీన్స్ గుంజుకునుడు కూడ రాజ్యాంగం ప్రకారం తప్పు లేదు అని గదే సూత్రంతోటి వాదించిండు. మాంసం కంపెనీ మీద పడితే మనకు చప్పట్లు కొట్టబుద్ధైతది, మనీలా మీద పడితే ఏడుపొస్తది. చేతుల కర్ర ఒక్కటే. ఇద్దరు బెవరిడ్జ్‌లు లేరు, టైటిల్ల గోదారన్న అడిగిన ప్రశ్నకు ఇదే నా జవాబు.

ఇంకోటి. ఆయన 1901 నుంచి సెనేట్ల టెరిటరీల, అంటే ఇంకా రాష్ట్రం కాని ఇలాకాల కమిటీ ఛైర్మన్. న్యూ మెక్సికో, అరిజోనా వాళ్ళు రాష్ట్రం ఇయ్యుండ్రి అంటే ఏండ్లకేండ్లు ఆపిండు. న్యూ మెక్సికోకు పోయి తిరిగొచ్చి ఆడ స్పానిష్ మాట్లాడెటోళ్ళు ఎక్కువున్నరు, ఇంకా తయారు కాలే అన్నడు. రెండింటిని కలిపి ఒక్కటే రాష్ట్రం చేద్దమన్నడు, 1906ల ఓటు పెడితే అరిజోనా ఒద్దు పో అన్నది. ఆఖరుకు 1912ల వేరువేరుగనే వచ్చినయి. రాష్ట్రం కోసం ఎదురుచూసుడు ఎట్లుంటదో మాకు వేరే చెప్పాల్నా.

బెజవాడ_బుల్లోడు:
వచ్చేసింది... అమెరికా నుంచి డైరెక్ట్‌గా తెలంగాణకి ఫ్లైట్

పాలమూరు_పోరగాడు:
నువ్వు టికెట్ కొనకు భయ్, నేను అడిగిన్నా నిన్ను

మోడరేటర్:
ఇద్దరూ ఆపండి. రాష్ట్ర విభజన మీద పోస్టులు పడితే థ్రెడ్ లాక్ చేస్తాను. బెవరిడ్జ్ మీదే మాట్లాడండి.

చరిత్ర_మాష్టారు:
పోరగాడు గారి లాజిక్ చాలావరకు నిజమే, నేను క్లాసులో చెప్పింది కూడా దాదాపు అదే, ఇంత పదునుగా చెప్పలేదు. ఒక్క చోట మాత్రం నేను విడిపోతాను, రాతలో ఆయన చివరి దాకా ఒక్కలాగే లేడు. మార్షల్ పుస్తకంలో ఆయన పక్షపాతం పేజీ పేజీకీ కనపడుతుంది, జెఫర్సన్ వస్తే చాలు విలన్ వచ్చినట్టే. 1807లో మాజీ వైస్ ప్రెసిడెంట్ ఆరన్ బర్ మీద రాజద్రోహం కేసు నడిచింది కదా, రిచ్మండ్‌లో, మార్షల్ ముందు. ఆ భాగం మూడో వాల్యూములో ఉంది, అందులో బర్ పాపం అమాయకుడన్నంత జాలి, జెఫర్సన్ కక్షగట్టిన ప్రెసిడెంట్. చదవడానికి మహా రంజుగా ఉంటుంది, లాయరు బుర్ర, ఉపన్యాసకుడి చెవి రెండూ కలిసి పనిచేశాయి. కానీ అది లాయరు ఒక పక్షం కోసం రాసే బ్రీఫ్. క్లయింట్ మార్షల్.

లింకన్ దగ్గరికి వచ్చేసరికి క్లయింట్ ఎదురు తిరిగాడు. సత్య గారు ఆ పుస్తకం చదివినట్టున్నారు, ఆవిడ చెప్తే బాగుంటుంది.

సత్య_కె:
చదివాను మాష్టారూ, రెండు వాల్యూములూ. యూనియన్ సైనికుడి కొడుకు, పుట్టుకతో రిపబ్లికన్, లింకన్ అంటే ఇంట్లో దేవుడి పటం లాంటి వాడు. ఆ భక్తితోనే మొదలుపెట్టాడు. తీరా ఇల్లినాయి శాసనసభ జర్నల్స్ వరసగా తీసి, లింకన్ మెంబర్‌గా ఉన్న ఏళ్ళలో ఏ రోజు దేనికి ఓటేశాడో చూసుకుంటూ వెళ్తే దేవుడు ఎక్కడా కనపడలేదు. కనపడింది మామూలు పార్టీ మనిషి, నా ఊరికి రాజధాని వచ్చేలా ఓటెయ్, నీ కాలువకి నేనేస్తా అనే రకం బేరాలు, వాండేలియా నుంచి స్ప్రింగ్‌ఫీల్డ్‌కి రాజధాని మారింది అలాగే. ఆయన దాన్ని దాచలేదు, అలాగే రాసేశాడు. 1854 కాన్సాస్-నెబ్రాస్కా గొడవ (కొత్త ప్రాంతాల్లో బానిసత్వం ఉండాలా వద్దా అన్నది) దగ్గర స్టీఫెన్ డగ్లస్ మీద ఎంత సానుభూతి చూపిస్తాడంటే, లింకన్ జీవితచరిత్ర చదువుతున్నామా డగ్లస్‌దా అని డౌటొస్తుంది. బానిసత్వాన్ని రద్దు చేయాలని గట్టిగా పోరాడినవాళ్ళంటే మాత్రం విసుగు, అది నాకు నచ్చలేదు, అక్కడ 1900 నాటి మనిషి ఇంకా లోపల కూర్చునే ఉన్నాడు.

ఆధారాల కోసం పడ్డ పాట్లు వేరే కథ. లింకన్ కొడుకు రాబర్ట్ దగ్గర తండ్రి కాగితాలన్నీ ఉన్నాయి, వాటిని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కి ఇచ్చాడు గానీ తాను పోయిన ఇరవై ఒక్కేళ్ళ దాకా ఎవరూ తెరవకూడదని షరతు. బెవరిడ్జ్ అడిగాడు, అడిగించాడు, కుదరదంటే కుదరదన్నాడు. రాబర్ట్ 1926 జూలైలో పోయాడు, కాగితాలు 1947 జూలైలో తెరిచారు. మధ్యలో 1927లోనే ఈయన పోయాడు.

దానికి బదులు దొరికిన నిధి హెర్న్‌డన్ కాగితాలు. హెర్న్‌డన్ అంటే లింకన్ లా ఆఫీసు భాగస్వామి, లింకన్ హత్య తర్వాత ఆయన్ని ఎరిగిన పాతవాళ్ళ దగ్గరికి వెళ్ళి, ఉత్తరాలు రాసి వాళ్ళు చెప్పిందల్లా రాసుకున్నాడు. అవన్నీ తర్వాత జెస్సీ వైక్ అనే ఆయన చేతికొచ్చాయి, ఆయనది అదే గ్రీన్‌కాజిల్, బెవరిడ్జ్ కాలేజీ ఊరు! కట్టలు కట్టలు ఈయన ముందు పెట్టాడు. వాటిని అంత విస్తారంగా వాడుకున్న మొదటి పెద్ద రచయితల్లో ఈయనొకడు. హెర్న్‌డన్‌ని మరీ నమ్మేశాడని తర్వాతి చరిత్రకారులు అన్నారు, అందులో కొంత నిజం ఉంది.

పాలమూరు_పోరగాడు:
గిది కొత్త ముచ్చట నాకు. అంటే కాగితం ఎదురుంగ పెడితే దేవుడిని కూడ కిందికి దించిండు. మరి ఫిలిప్పీన్స్ విషయంల ఆ ఓపిక ఏమైంది అక్కా? ఆడికి పోయినప్పుడు గాడి మనుషులు చెప్పింది కూర్చుండి రాసుకుని ఉంటే?

సత్య_కె:
తమ్ముడూ, 1899లో ఆయన వెళ్ళింది సాక్ష్యం ఏరుకోవడానికి కాదు, ముందే రాసిపెట్టుకున్న తీర్పుకి ఎగ్జిబిట్లు తెచ్చుకోవడానికి. ఆ బంగారం ముక్క అదే.

హూసియర్_తెలుగు:
ఇంకో రెండు విషయాలు పడేసి పోతా. ఈయన జీవితచరిత్ర 1932లో రాసింది క్లాడ్ బవర్స్, ఆయన డెమొక్రాట్, జెఫర్సన్ వీరాభిమాని, పైగా 1910లో ఈయన సీటు లాక్కున్న కెర్న్‌కి సెక్రటరీగా పనిచేసిన మనిషి! అలాంటివాడు రాసినా మంచిగానే రాశాడు, ఇద్దరికీ దోస్తీ.

రెండోది, ఈయన పోయాక భార్య క్యాథరిన్ ఇచ్చిన డబ్బుతో అమెరికన్ హిస్టారికల్ అసోసియేషన్‌లో నిధి పెట్టారు, 1939 నుంచి బెవరిడ్జ్ అవార్డు ఇస్తున్నారు. అమెరికా, కెనడా, లాటిన్ అమెరికా చరిత్ర మీద వచ్చిన మంచి పుస్తకానికి. ఇప్పుడు దానికి పోటీపడే పుస్తకాల్లో సామ్రాజ్యవాదాన్ని తిట్టేవి బోలెడు. పుస్తకం చేత పట్టుకుని ఈయన స్పీచ్‌ని ఉతికేవాళ్ళే ఈయన పేరున్న బహుమతి తీసుకోవచ్చు.

బెజవాడ_బుల్లోడు:
సరే గోస్ట్ రైటర్ థియరీ వెనక్కి తీసుకోను గానీ పక్కన పెడుతున్నా. ఇంతకీ ఏది ముందు చదవాలి? నాలుగు వాల్యూములంటే మా ఇంట్లో వాళ్ళు నన్ను బయట పడుకోబెడతారు

చరిత్ర_మాష్టారు:
మొదటి వాల్యూముతో మొదలుపెట్టకండి, వర్జీనియా కొండల్లో మార్షల్ బాల్యం దగ్గరే నిద్రపోతారు. సూటిగా మూడో వాల్యూము తీసి బర్ విచారణ చదవండి. కాపీరైట్ ఎప్పుడో అయిపోయింది, నెట్‌లో స్కాన్లు ఫ్రీగా ఉన్నాయి. దాని పక్కనే జెఫర్సన్ వైపు వాళ్ళు రాసింది ఇంకోటి పెట్టుకోండి, లేకపోతే ఈయన మిమ్మల్ని జ్యూరీలో కూర్చోబెట్టి గెలిచేస్తాడు. లింకన్ అయితే రెండో వాల్యూములో కాన్సాస్-నెబ్రాస్కా చాప్టర్లు.

గోదారోడు:
మాష్టారూ, మూడో వాల్యూము దింపేశాను. ఇంకో డౌట్, సెనేటర్ కమ్ చరిత్రకారుడు అంటే హెన్రీ కాబట్ లాడ్జ్ కూడా ఉన్నాడు కదా, హార్వర్డ్ డాక్టరేట్, నానాజాతి సమితిని అడ్డుకున్నాయన. ఆయనదీ బెవరిడ్జ్ బాపతేనా?

చరిత్ర_మాష్టారు:
ఫిలిప్పీన్స్ విషయంలో ఇద్దరిదీ ఒకే పాట. మిగతాదంతా వేరు, లాడ్జ్ బోస్టన్ దొరల బిడ్డ, 1876లోనే డాక్టరేట్, చరిత్ర ముందు రాసి రాజకీయంలోకి తర్వాత వచ్చాడు. వేరే థ్రెడ్ తెరవండి, రేపు సాయంత్రం కూర్చుని రాస్తాను. సుబ్బు గారూ మీరూ రావాలి.